ఆ హైడ్రోజన్ ఎవరిది

ఆవిడ ఇంటికి తాళం వేసి, మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి, తాళం పట్టుకుని లాగి చూసి, అప్పుడు ఆఫీసుకు బయలుదేరేది. ఇందులో వింతేమీ లేదు, అలాంటివాళ్ళు వీధికొకరుంటారు. కానీ వీధి మలుపు తిరిగాక ఈవిడకు ఇంకో అనుమానం వచ్చేది. ఇందాక నిజంగా లాగి చూశానా, చూశాననుకున్నానా అని. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, నిదానమైన మనిషి. "తాళం సంగతి వదిలెయ్. దొంగ వస్తే వాడే నీ అనుమానం తీర్చి పోతాడు" అనేవాడు. ఆ మాటతో ఆవిడకు ఆ రోజుకి సరిపడా దిగులు దొరికేది.

అనుమానం పెనుభూతం అన్నారు పెద్దలు. ఆ భూతానికి కుర్చీ వేసి, జీతమిచ్చి కూర్చోబెట్టిన చోటు లోకంలో ఒకటుంది. ఎక్కడో కొండ మీద ఉన్న టెలిస్కోపుకు సంబంధించిన ఆఫీసు అది. కొండ మీదివాళ్ళు రాత్రంతా ఆకాశాన్ని చూసి పంపినదాన్ని ఈవిడ పొద్దున్నే వచ్చి చదివేది. ఏసీ నుంచి నీళ్ళు కారే గది, కింద ఒక బకెట్టు, పక్కన రెండు కంప్యూటర్లు. కొండ ఎక్కింది ఒక్కసారే, అదీ కళ్ళు తిరిగి మధ్యాహ్నానికే దిగి వచ్చేసింది.

పని ఏమిటంటే, పేలిపోయిన నక్షత్రాల రకం చెప్పడం. ఎంతో దూరాన ఉన్న గెలాక్సీల్లో ఏదో ఒక నక్షత్రం రోజూ పేలుతూనే ఉంటుంది. ఫోటోలో అది నిన్న లేని ఒక చుక్క, అంతే. చుక్కను చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. దాని వెలుగును రంగులుగా విడదీసి, ఏ రంగు దగ్గర ఎంత వెలుగుందో గీత గీస్తే, తెర మీద గుట్టలూ గుంటలూ ఉన్న దారిలా కనిపిస్తుంది. దాన్ని వర్ణపటం అంటారు. అందులో హైడ్రోజన్ గుట్ట కనిపిస్తే అది రెండో రకం. పెద్ద నక్షత్రం, తన బరువు తానే మోయలేక కూలిందన్నమాట. హైడ్రోజన్ జాడ లేకుండా సిలికాన్ గుంట కనిపిస్తే ఒకటో రకం. ఏనాడో ఆరిపోయిన చిన్న నక్షత్రం, పక్కవాడి పదార్థం మింగి మింగి పగిలిందన్నమాట. ఒకరిది మోయలేని చావు, ఒకరిది తిండి ఆపలేని చావు. ఇంకా ఉపరకాలు బోలెడున్నాయి గానీ మన కథకు ఈ రెండూ చాలు.

రకం తేల్చాక ఒక చిన్న ప్రకటన రాసి, అన్ని దేశాల వాళ్ళూ చూసే చోట పెట్టాలి. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారే, ఇక్కడ అక్షరాలా అంతే. ఆ ప్రకటన చూసి పెద్ద పెద్ద టెలిస్కోపులు అటు తిరుగుతాయి. ఈవిడ ప్రతి ప్రకటనలోనూ రకం పక్కన ఒక ప్రశ్న గుర్తు పెట్టేది. ఒకటో రకం? రెండో రకం? గుడ్డివాడు కూడా తడిమి చెప్పగలిగేంత గుట్ట ఉన్నా సరే, ప్రశ్న గుర్తు తప్పేది కాదు. ఆఫీసులో ఆవిడకు అనుమానమ్మ అని పేరు పడింది అందుకే. మొదట వెనకాల అనేవాళ్ళు, తర్వాత మొహం మీదే అనడం మొదలుపెట్టారు. ఆవిడ కోపం తెచ్చుకోలేదు. తొందరపడి కూసేవాళ్ళకంటే తనే నయమని లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది.

ఆ గర్వం మీద ఆఫీసు పెద్దాయన నీళ్ళు చల్లాడు. ఒకరోజు పిలిచి కూర్చోబెట్టి, "మేడమ్, మీరు పెట్టే ప్రశ్న గుర్తు చూసి అవతలివాళ్ళు ఏం చేయాలి?" అని అడిగాడు.

"జాగ్రత్తగా ఉండమని సార్."

"వాళ్ళ జాగ్రత్త వాళ్ళకుంది. మనల్ని అడిగేది జవాబు. ప్రశ్నే తిరిగి పంపితే ఇంక మనమెందుకు? తెలిస్తే తెలిసిందని రాయండి, తెలియకపోతే తెలియలేదని రాయండి. రెండూ కానిది ఇకమీదట వద్దు."

పెద్దాయన మాటలో తప్పేమీ లేదు. కానీ ఆవిడకు ఆ రోజు అన్నం సయించలేదు. ఇన్నేళ్ళుగా పట్టుకుని నడిచిన కర్ర ఎవరో లాక్కున్నట్టనిపించింది.

ఆ మర్నాడు పొద్దున వచ్చిన నక్షత్రమే ఈ తంటా అంతటికీ మూలం.

టెలిస్కోపు పరికరంలోకి వెలుగు ఒక సన్నని చీలిక గుండా వెళ్తుంది. ఆ చీలికలోకి పేలిన నక్షత్రం ఒక్కటే రాదు, అది ఉన్న గెలాక్సీ కూడా పిలవని చుట్టంలా దూరుతుంది. గెలాక్సీలో ఉండే వాయువుకు సొంత హైడ్రోజన్ ఉంటుంది. కాబట్టి పక్కనుంచి గెలాక్సీ వెలుగు నమూనా ఒకటి తీసుకుని, దాన్ని మొత్తంలోంచి తీసివేయాలి. ఎంత తీసివేయాలన్నది మనిషి చూసి నిర్ణయించాలి. ఆ పొద్దున వర్ణపటంలో సిలికాన్ గుంట ఉంది, దానితోపాటు సన్నటి హైడ్రోజన్ గుట్ట కూడా ఉంది. గెలాక్సీ హైడ్రోజన్‌ను పాపం నక్షత్రానికి అంటగడతానేమోనని ఆవిడకు భయం పట్టుకుంది. ప్రశ్న గుర్తు ఉంటే ఆ భయాన్ని దాని నెత్తిన పెట్టి ఊరుకునేది. ఇప్పుడది లేదు. అందుకని గెలాక్సీ వెలుగును కొంచెం తీసివేసింది. గుట్ట పోలేదు. ఇంకొంచెం తీసింది. ఇంకొంచెం. గుట్ట చదునైపోయేదాకా తీసి, అమ్మయ్య అనుకుని, "ఒకటో రకం" అని రాసి, పక్కన ఏమీ పెట్టకుండా లోకం మీదికి వదిలింది.

ఆ ప్రకటన వెళ్ళిన కాసేపటికే అక్క కూతురు ఫోను చేసింది.

అక్క ఆస్పత్రిలో నర్సు. డ్యూటీల వల్ల పిల్ల సగం బాల్యం పిన్ని ఇంట్లోనే గడిచింది. వర్ణపటాల ప్రింట్లు వెనక్కి తిప్పి బొమ్మలు వేసుకుంటూ పెరిగిన పిల్ల, చివరికి ఆ ప్రింట్ల ముందువైపే చదువుకుని, ఇప్పుడు వేరే ఊళ్ళో పరిశోధన చేస్తోంది. ఒకటో రకం పేలుళ్ళ మీదే ఆమె పని. దానికోసం ఒక పెద్ద టెలిస్కోపు మీద ఒక్క అవకాశం దొరుకుతుంది, మంచి నక్షత్రం పేలిన వెంటనే వాడుకోవాలి. పోయినసారి మబ్బు పట్టి పోయింది. అంతకుముందు పరికరం మొరాయించి పోయింది. ఈసారీ పోతే ఈ పని మాన్పించి వేరేదాంట్లో వేస్తానని గైడు చెప్పేశాడు.

"పిన్నీ, నీ నక్షత్రానికే నా అవకాశం వాడేస్తున్నాను" అంది పిల్ల. "ప్రశ్న గుర్తు లేకుండా నువ్వు రాయడం నా జన్మలో మొదటిసారి చూశాను. గైడుకి కూడా అదే చెప్పాను. వెంటనే సరేనన్నాడు."

"తొందరేం లేదు కదే, ఇంకోటి చూసుకోరాదూ" అంది పిన్ని.

"ఇంకోటి ఎప్పుడొస్తుందో ఏమో. రేపే చూస్తున్నాం. ఊదా వైపు పెడుతున్నాం పరికరాన్ని, కాల్షియం గీతల కోసం."

ఆ మాటతో ఆవిడ దిగులు రెట్టింపైంది. పిల్ల వాడబోయే పరికరం రంగులన్నీ ఒకేసారి చూడదు. ఒక సన్నటి ముక్కనే, అదీ ఎంతో సూక్ష్మంగా చూస్తుంది. ఊదా వైపు పెడితే ఊదా వైపే. హైడ్రోజన్ గీత ఉండేది ఎరుపు వైపు. నక్షత్రం మామూలు ఒకటో రకమే అయితే ఊదా వైపు పెట్టడం సబబు. హైడ్రోజన్ దానిదే అయితే మాత్రం అసలు సంగతంతా ఎరుపు వైపు ఉండిపోతుంది, పిల్ల అవకాశం బూడిదలో పోసిన పన్నీరే.

మర్నాడు ఆఫీసుకు వచ్చీ రాగానే ఆ ఫైలు మళ్ళీ తెరిచింది. ఎన్నోసార్లు అలా తెరిచి, ఏమీ దొరక్క, మళ్ళీ మూసిన మనిషే. ఈసారీ అంతేనని తనకు తాను చెప్పుకుంటూ తెరిచింది. నిన్న హైడ్రోజన్ చదునైందా లేదా అని మాత్రమే చూసుకుంది. ఇవాళ దాని పక్కకు చూసింది.

గెలాక్సీ వాయువులో హైడ్రోజన్ ఎప్పుడూ ఒంటరిగా రాదు. నత్రజని, గంధకం గీతలు దాని వెంట ఉంటాయి. గెలాక్సీని సరిగ్గా తీసివేస్తే అన్నీ కలిసి చదునవ్వాలి. ఇక్కడ హైడ్రోజన్ చదునుగా ఉంది. నత్రజని ఉండాల్సిన చోట గొయ్యి పడి ఉంది. గంధకం దగ్గర ఇంకో గొయ్యి. అంటే లేని గెలాక్సీని కూడా ఉన్నట్టు తీసిపారేసింది. ఆవిడ మళ్ళీ మొదలుపెట్టి, ఈసారి నత్రజని, గంధకం చదునవ్వగానే ఆపింది. తెర మీద హైడ్రోజన్ గుట్ట అలాగే నిలబడి ఉంది. అది నక్షత్రానిదే. కొండనాలుకకు మందు వేసి ఉన్న నాలుక ఊడగొట్టింది.

సిలికాన్ గుంట ఉన్న ఒకటో రకం పేలుడు చుట్టూ హైడ్రోజన్ దుప్పటి కూడా ఉండటం చాలా అరుదు. ఇంకొకరైతే ఎగిరి గంతేసేవాళ్ళు. ఈవిడకు మాత్రం ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెప్పకపోతే పిల్ల అవకాశం పోతుంది. చెప్పాక ఇదే తప్పైతే, కాల్షియం పోయి, హైడ్రోజనూ దొరక్క, పిల్ల అవకాశం తన చేతులమీదుగా పోతుంది. పరికరం ఎటు పెట్టాలో సాయంత్రంలోపు తేల్చి చెప్పాలి, ఆ తర్వాత మార్చనివ్వరు. బకెట్లో చుక్కలు పడుతున్న చప్పుడు కూడా ఆవిడకు భరించరానిదిగా ఉంది.

ఫోను చేసింది. "ఏమే, నాకెందుకో ఆ హైడ్రోజన్ నక్షత్రానిదేనేమో అనిపిస్తోందే. నేను ఎక్కువ తీసేశానేమో. ఏమో మరి, చూసుకో ఒకసారి."

పిల్ల నవ్వింది. "పిన్నీ, నీకు అనుమానం రాని రోజొకటి చెప్పు. నిన్నటి నుంచి ఎదురుచూస్తున్నాను ఈ ఫోను కోసం."

"అది కాదే, గైడుని ఒకసారి అడిగి..."

పక్కనే ఉన్నాడేమో, గైడు గొంతు వినిపించింది. పిల్లతో అంటున్నాడు గానీ ఈవిడకు చక్కగా తెలిసింది. "మీ పిన్నిగారికి సూర్యుడు ఉదయించాడా లేదా అన్నది కూడా అనుమానమేనమ్మా. ఆవిడ అనుమానాలకి పరికరాలు తిప్పితే ఇంక పనైనట్టే."

పిల్ల ఏదో సర్దిచెప్పి పెట్టేసింది. ఆవిడ ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది. గైడు మీద కోపం రాలేదు, అదే ఎక్కువ బాధ. ఆయన అన్నదాంట్లో అబద్ధమేముంది. రోజూ అనుమానించే మనిషి అనుమానానికి విలువెంత? నిజంగా అవసరమైన రోజున ఖర్చు పెడదామంటే చేతిలో చెల్లని అనుమానాలే మిగిలాయి.

మధ్యాహ్నం భర్త వచ్చాడు. దగ్గరి భవనంలో పని ఉన్న రోజుల్లో ఇద్దరూ ఆఫీసు వెనక బల్ల మీద కూర్చుని తినేవాళ్ళు. ఆవిడ డబ్బా మూత తియ్యలేదు. జరిగిందంతా చెప్పింది. ఆయనకు గంధకం గీతలు అర్థం కాలేదు గానీ భార్య ముఖం అర్థమైంది.

"పిల్లకి ఏమని చెప్పావు?"

"ఎక్కువ తీసేశానేమో అన్నానండీ."

ఆయన చేతికి అంటిన గ్రీజు తుడుచుకున్నాడు. "లిఫ్టు మధ్యలో ఆగిపోయిందనుకో. లోపలున్నవాళ్ళు అరుస్తుంటారు. కొత్తలో నేనూ అనేవాణ్ణి, తాడు బాగానే ఉందేమో, కాసేపట్లో తెరుచుకోవచ్చేమో అని. ఆ 'ఏమో' వినగానే ఇంకా అరిచేవాళ్ళు. తర్వాత తెలిసొచ్చింది. నాకు తెలిసిందే చెప్పాలి. తాడు తెగలేదు, తలుపు ఇరుక్కుంది, నేను ఇక్కడే ఉన్నాను. అంతే. ఎంతసేపు పడుతుందో తెలియకపోతే అది తెలియదనే చెబుతాను."

"నాకేం తెలుసని చెప్పాలి?"

"అది నన్నడుగుతావేం? నీకు ఏం తెలుసు?"

ఆవిడ ఆలోచించింది. నక్షత్రం సంగతి తెలియదు. సిలికాన్ వెనకాల ఏం దాగుందో తెలియదు. పిల్లకి ఏది మేలో అంతకన్నా తెలియదు. కానీ నత్రజని దగ్గర గొయ్యి ఉంది. గొయ్యి ఉందంటే తను ఎక్కువ తీసింది. అందులో 'ఏమో'కు చోటు లేదు. ఆ ముక్క తెలిసేసరికి ఆవిడకు ధైర్యం రాలేదు, ఇంకా భయమేసింది. ఇప్పటిదాకా తప్పు జరిగి ఉండవచ్చు అనుకుంది. ఇప్పుడు తప్పు జరిగిందని తేలిపోయింది.

తినకుండానే లేచి వెళ్ళి పెద్దాయన గది తలుపు తట్టింది. "సార్, నిన్నటి ప్రకటన తప్పు. గెలాక్సీని ఎక్కువ తీసేశాను. సవరణ పెడుతున్నాను."

ఆయన కళ్ళజోడు తీసి చూశాడు. "మొన్ననేగా చెప్పాను మేడమ్, ప్రశ్న గుర్తులు వద్దని. సవరణంటే మీ పేరు మీద అది ఎప్పటికీ ఉండిపోతుంది. సాయంత్రం దాకా ఇంకొకరి వర్ణపటం వస్తుందేమో చూద్దాం."

"ఇది ప్రశ్న గుర్తు కాదు సార్. తప్పు."

పెద్దాయన వచ్చి తెర చూశాడు. నత్రజని దగ్గరి గొయ్యి మీద పెన్ను మూత ఆనించి కాసేపు నిలబడ్డాడు. "పెట్టండి" అని వెళ్ళిపోయాడు. ఆ ఒక్క మాటలో ఎంత చిరాకుందో ఆవిడ తర్వాత చాలాసేపు లెక్క కట్టుకుంది.

సవరణ రాయడానికి ఎంతో సమయం పట్టలేదు. నిన్నటి వర్గీకరణ పొరపాటు, పొరపాటు నాది, హైడ్రోజన్ నక్షత్రానిదే, అని మూడు ముక్కలు. అది లోకం మీదికి వెళ్ళాకే పిల్లకి ఫోను చేసింది. వెనక్కి తీసుకునే దారి ముందు మూసేసుకుంది, లేకపోతే తన నోరు తన మాట వినదని ఆవిడకు తెలుసు.

"నేను తప్పు చేశాను" అంది, పలకరింపు కూడా లేకుండా. "గెలాక్సీని ఎక్కువ తీసేశాను. నత్రజని దగ్గర గొయ్యి పడింది. నిన్న చూడలేదు, ఇవాళ చూశాను. సవరణ పెట్టేశాను, నీకు కూడా పంపాను. హైడ్రోజన్ దాందే. ఎరుపు వైపు పెట్టు."

పిల్ల ఈసారి నవ్వలేదు.

"వింటున్నావా?"

"విన్నాను పిన్నీ" అని పిల్ల పెట్టేసింది.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో ఆవిడను అడగకూడదు. మార్చారో లేదో తెలియదు. అడుగుదామంటే నోరు రాదు. పిల్ల ఫోను చేయలేదు. అక్క మాత్రం చేసి, "దాని అవకాశం ఏదో నీవల్ల అటూ ఇటూ అయిందంటగా, పిల్ల అన్నం తినట్లేదు, ఏం చెప్పావే దానికి?" అని నిలదీసింది. ఆఫీసులో సవరణ చూడనివాళ్ళు లేరు. ఎవరూ ఏమీ అనలేదు, అనుమానమ్మ అని కూడా పిలవలేదు. అది ఇంకా గుచ్చుకుంది. ఆవిడ తాళం కూడా లాగి చూసుకోలేదు, దాని మీదికి మనసు పోతేగా.

చివరికి ఒక సాయంత్రం, ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుండగా ఫోను మోగింది.

"ఉంది పిన్నీ" అంది పిల్ల. "నిన్ననే విడదీసి చూశాం. సన్నటి గీత, పక్కనే నొక్కు. నక్షత్రం చుట్టూ ఉన్న వాయువే, గెలాక్సీది కానే కాదు. గైడు పొద్దున్నుంచీ అందరికీ చూపిస్తున్నాడు."

ఆవిడ గుమ్మం దగ్గరే కూలబడింది. "మరి ఆ రోజు ఆయన ఒప్పుకున్నాడా? నేను పంపింది చూపించావా?"

"ఒప్పుకోలేదు. నేనే మొండికేసి మార్పించాను. నువ్వు పంపింది అప్పుడు తెరవనే లేదు పిన్నీ, టైమెక్కడుంది."

"చూడకుండానే మార్చావా?"

"చిన్నప్పటి నుంచీ నీ దగ్గరే పెరిగాను కదా. తప్పేమో, తప్పేమో అనడం రోజూ వినేదాన్ని. తప్పు చేశాను అనడం మాత్రం ఒక్కసారి కూడా వినలేదు. ఆ రోజు నువ్వలా అనేసరికి భయమేసింది. భయమేసే మార్చాను."

పిల్ల ఇంకా ఏవేవో చెప్పింది. ఆవిడ సగమే విన్నది. ఒక్కసారైనా అని ఉంటానని వెనక్కి వెనక్కి వెతుక్కుంటోంది. అక్కతో, పిల్లతో, మొగుడితో, ఆఫీసులో. దొరకలేదు. ఇన్నాళ్ళూ వినయమనుకున్నది వినయం కాదు. తప్పేమో అని ముందే అనేస్తే, తీరా తప్పు జరిగినప్పుడు ఇంకెవరూ అడగరు. అడిగినా, ముందే చెప్పానుగా అనొచ్చు. ఆవిడకు సిగ్గేసింది, ఒళ్ళంతా మండేంత సిగ్గు. దానికిందే పిల్ల గెలిచిందన్న సంతోషం. రెండూ కలిసి కళ్ళవెంట నీళ్ళొచ్చాయి.

భర్త పనిసంచీతో మెట్లెక్కి వచ్చి, గుమ్మంలో కూర్చున్న భార్యను చూసి ఆగిపోయాడు. "ఏమైంది? పిల్లకేమైనా..."

"పిల్ల బాగుంది. దాని పని అయింది."

"మరి ఏడుస్తావేం?"

"తప్పు చేశానండీ."

"ఆ నక్షత్రం సంగతేగా? అది దిద్దేశావుగా."

"అదొక్కటే కాదు. మీ విషయంలో కూడా ఉన్నాయి. అక్క విషయంలో ఉన్నాయి." ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని పక్కకు జరిగి చోటిచ్చింది. "కూర్చోండి, ఒక్కొక్కటీ చెప్తాను."

ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ నోట తప్పు చేశానన్న మాట ఆయన వినలేదు. సంచీ కింద పెట్టి, ఏం వినబోతున్నానో అన్న కంగారుతో, మెల్లిగా ఆవిడ పక్కన కూర్చున్నాడు.